తాత పెట్టెలో తెల్లోళ్ల పిస్టల్: అసలుదా, నకిలీదా?

ఖానాపురం హవేలి నుంచి ఇంకో ఎపిసోడ్. ఈరోజు టాపిక్ పాత బ్రిటిష్ ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి పిస్టల్. "అన్నా, మా తాత పెట్టెలో ఇట్లాంటిది ఉంది, లక్షలొస్తయంట, నిజమేనా?" అని మన ఖమ్మం, భద్రాచలం వైపు తమ్ముళ్లు అడుగుతుంటారు. "ముందు సర్టిఫికెట్ ఖర్చు పంపు, తర్వాత నేను అమ్మిపెడతా" అనే మధ్యవర్తి కూడా ఎక్కడో ఒకడు ఉంటాడు. వాడికి రూపాయి పంపే ముందు ఇది పూర్తిగా వినండి.

ముందు ఇది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెంలో బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకని గీరుతుంది. రవ్వలు కింద చిన్న గిన్నెలో ఉన్న మందు మీద పడతాయి. ఆ మంట సన్న రంధ్రం గుండా గొట్టంలోకి పోయి గుండు పేలుతుంది. వాన పడి మందు తడిస్తే ఇక అంతే. అందుకే 1840ల కల్లా బ్రిటిష్ సైన్యం పేలుడు టోపీ పెట్టే కొత్త పద్ధతికి మారిపోయింది.

మరి ఇవి మన దగ్గరికెట్లా వచ్చినయ్? 1798 సెప్టెంబరులో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో హైదరాబాద్‌లో ఫ్రెంచ్ అధికారుల కింద ఉన్న దళాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఆ తర్వాత నిజాం ఖర్చుతో కంపెనీ సైన్యం ఇక్కడే ఉండిపోయింది. కాబట్టి కంపెనీ గుర్తున్న పిస్టల్ నిజాం ఇలాకాలో దొరకడం వింతేమీ కాదు.

కానీ కథలతో జాగ్రత్త. "ఇది అల్లూరి సీతారామరాజు దళం ఎత్తుకొచ్చిన పిస్టల్" అని ఎవరన్నా చెప్తే తేదీలు చూడండి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు 1922 ఆగస్టులో జరిగాయి. అప్పటికి చెకుముకి పద్ధతి పోయి 80 ఏళ్లు. పోలీస్ స్టేషన్‌లో అదెందుకుంటుంది?

ఇప్పుడు గుర్తులు. లాక్ పలక మీద కిరీటం, జీఆర్ అక్షరాలు, "టవర్" అనే మాట ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధం గుర్తు. టవర్ అంటే కంపెనీ పేరు కాదు, లండన్ టవర్‌లోని ఆయుధాగారం. ఈస్టిండియా కంపెనీ సరుకు మీద సుమారు 1808 దాకా గుండె ఆకారంలో నాలుగు గడుల గుర్తు, తర్వాత కిరీటం పట్టుకున్న సింహం ఉంటాయి. గొట్టం మీద పరీక్ష ముద్రలు కూడా చూడాలి. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813 చట్టంతో వచ్చింది. దాని ముద్ర ఉన్న గొట్టాన్ని "1780 నాటిది" అంటే కుదరదు. నేను కోడ్‌లో బగ్ వెతికినట్టే ఇక్కడా పని అంతే: ఒక తేదీ ఇంకో తేదీతో సరిపోవాలి.

నకిలీల్లో అక్షరాలు తప్పుతాయి, చెక్కుడు లోతు లేకుండా ఉంటుంది. గొట్టం, లాక్, చెక్క మూడూ ఒకే తీరుగా అరిగి ఉండవు. అలంకరణ కోసం కొత్తగా చేసి, తుప్పు పట్టించి అమ్మేవి కూడా ఉన్నాయి.

విలువ దేన్నిబట్టి? భాగాలన్నీ అసలువేనా, మధ్యలో టోపీ పద్ధతికి మార్చారా, అన్నిటికంటే ముఖ్యంగా చరిత్రకి ఆధారం ఉందా అన్నదాన్నిబట్టి. 2019లో ఇంగ్లండ్‌లో టిప్పు సుల్తాన్‌కి చెందిన వెండి పనితనమున్న ఫ్లింట్‌లాక్ తుపాకీ 60,000 పౌండ్లకు పోయింది. 1799లో శ్రీరంగపట్నం పడ్డప్పుడు అక్కడున్న కంపెనీ అధికారి కుటుంబంలో అది వారసత్వంగా వచ్చింది. వెండి ఒక్కదానికే అంత ధర రాదు, ఆ జాడకి వచ్చింది. అందుకే తాత చెప్పిన మాటల్ని ఇప్పుడే రికార్డ్ చేసుకోండి, పాత కాగితాలు పారేయకండి. ఇసుక కాగితంతో రుద్ది మెరిపించకండి. ముద్ర పోతే విలువ కూడా పోతుంది.

చివరిగా చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, రిపేర్ చేసినా పేలని పాత ఆయుధానికి మినహాయింపు ఉంది. పేలగలిగేది వేరే సంగతి, కాబట్టి బాగుచేయించి పేల్చి చూద్దామనే సరదా వద్దు. పాత గొట్టంలో మందు ఇంకా ఉండొచ్చు కూడా. ఎవరివైపూ చూపకుండా, కొక్కెం ఎత్తకుండా, తెలిసినవాళ్లతో చూపించండి. వందేళ్లు దాటిన వస్తువుని మామూలు మనుషులు దేశం దాటించి అమ్మడం 1972 పురావస్తువుల చట్టం కింద నేరం. "ఫారిన్ పార్టీ ఉంది" అన్నవాడిని అక్కడే ఆపండి.

నిజమైన పిస్టల్ చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది. ఫోన్‌లో ఫొటోలు వంద చూసినా రాని తేడా అక్కడ ఒక్క గంటలో కంటికి పడుతుంది. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.