కరువు ఆంక్షలు: కోత ఎవరిది? వాడ లెక్క ఎక్కడ?

రెండు తెలుగు రాష్ట్రాల్లో వానలు ముఖం చాటేసిన ఏడాది నీళ్ల మీద మూడు చోట్ల కోత పడుతుంది. బోరు దగ్గర, చెరువు తూము దగ్గర, కుళాయి దగ్గర. ఒక్కో చోట ఒక్కో నిబంధన, ఒక్కో శాఖ. ఈ ఆంక్షలు ఏ కులం పేరూ ఎత్తవు. అయినా ఎండాకాలం వచ్చేసరికి ఖాళీ బిందెలతో రోడ్డెక్కేది ఎక్కువగా వాడ ఆడవాళ్లే. ఎందుకు? ఆంక్షల లెక్క మండలం దగ్గరో, ఊరి దగ్గరో ఆగిపోతుంది. వాడ విడిగా లెక్కలోకి రాదు. అసలు చిక్కు ఇదేనన్నది మా అవగాహన. ఉద్యమకారులకూ విద్యార్థులకూ పనికొచ్చేలా ఈ వ్యవస్థ నడిచే తీరును ఇక్కడ వివరిస్తున్నాం.

కరువు ప్రకటన

కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం ముందు వర్షపాతం లోటు చూస్తారు. ఆ తర్వాత సాగు విస్తీర్ణం, పచ్చదనం, నేలలో తేమ, భూగర్భ జలం, జలాశయాల నిల్వ చూస్తారు. ఖరీఫ్ కరువును అక్టోబరు నెలాఖరులోగా, రబీ కరువును మార్చి నెలాఖరులోగా ప్రకటించాలి. స్వరాజ్ అభియాన్ కేసులో 2016 మే 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కరువును గుర్తించడంలో ప్రభుత్వాల జాప్యాన్ని గట్టిగా ప్రశ్నించింది.

మన దగ్గర ప్రకటన మండలాల వారీగా వెలువడుతుంది. సూచికలు చాలావరకు పంటను, నేలను కొలిచేవే. సెంటు భూమి లేని కూలీ ఇంట్లో ఎన్ని బిందెల నీళ్లున్నాయో వాటిలో ఏదీ చెప్పదు.

బోరు దగ్గర

ఇక్కడ వర్తించేది 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. అందరూ 'వాల్టా' అంటారు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ ఇది కొనసాగుతోంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి గానీ బోరు గానీ వేయకూడదు. భూగర్భ జలానికి ముప్పు ఉందనుకుంటే, నిపుణుల సలహాతో ఒక ప్రాంతంలో నీటి తోడకాన్ని ఒక్కో విడతలో ఆరు నెలలకు మించకుండా నిషేధించవచ్చు.

వాడలో పంచాయతీ వేసిన చేతిపంపు కూడా ప్రజల తాగునీటి వనరే. దాని పక్క పొలంలో లోతైన కొత్త బోరు పడితే ఆ పంపు ఎండిపోతుంది. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వకపోతే 250 మీటర్ల నిబంధన కాగితం దాటి రాదు.

తూము దగ్గర

కాలువలు, చెరువుల కింద వంతుల పద్ధతి పెట్టేది నీటి వినియోగదారుల సంఘాలు. వీటికి ఆధారం 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం. ఇందులో ఓటు ఆయకట్టు భూమికి యజమానిగానో సాగుదారుగానో రికార్డుకెక్కిన వారికి. నోటిమాట కౌలు మీద దున్నుకునే దళిత రైతు పేరు రికార్డులో ఉండదు కనుక ఓటూ ఉండదు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి అని పిలిచే పనిని తరతరాలుగా చేసింది ఎక్కువగా దళితులే. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారాలో తెలిసిన చేతులకు, నీళ్లు ఎవరికన్న నిర్ణయంలో చోటు లేదు.

కుళాయి దగ్గర

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు అంటోంది. తెలంగాణ మిషన్ భగీరథ గ్రామాలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. ఇవి సగటు లెక్కలు. ట్యాంకులో నీళ్లు తగ్గి రోజు విడిచి రోజు వదిలినప్పుడు, ముందున్న ఇళ్లు పట్టుకోగా మిగిలిందే పైపు చివరికి చేరుతుంది. నడుమ ఎవరైనా పైపుకే మోటారు బిగిస్తే అదీ చేరదు. ఊరి చివర, తరచూ తర్వాతి కాలంలో కట్టిన కాలనీ కాబట్టి చాలాచోట్ల ఆ చివర ఉండేది వాడే. ఊరి సగటు 55 లీటర్లు దాటినా వాడకు 20 లీటర్లు కూడా అందకపోవచ్చు. రికార్డులో మాత్రం ఆ ఊరికి నీళ్లు అందినట్టే.

ట్యాంకరుదీ అదే దారి. ఊరికి ఎన్ని ట్రిప్పులన్నది రాస్తారు. ఎక్కడ ఆగిందన్నది రాయకపోతే రచ్చబండ దగ్గర ఆగినా లెక్క సరిపోతుంది.

కారంచేడు గుర్తుంటే

1985 జులై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ దాడికి ముందు జరిగిన గొడవ తాగునీటి చెరువు దగ్గర మొదలైంది. తాము తాగే నీళ్లను పశువుల కోసం పాడు చేయొద్దని అడగడమే నేరమైంది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో చౌదార్ చెరువు నీళ్లు తాగడం కూడా ఇదే హక్కు కోసం. నీళ్ల కొరత కులాన్ని పుట్టించదు. ఉన్న కులాన్ని బయటపెడుతుంది.

ఏం అడగాలి

మొదటిది, ట్యాంకరు ట్రిప్పులు, నీళ్లు వదిలిన వేళలు వాడల వారీగా రాయాలని గ్రామసభలో తీర్మానం. రెండోది, ఆ రికార్డుల నకళ్లకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటలు. తాగునీటికి ఈ రెండో గడువే వర్తించాలని దరఖాస్తులోనే రాయండి. మూడోది, గ్రామ నీటి సంఘం. జల్ జీవన్ మార్గదర్శకాల ప్రకారం అందులో సగం మంది మహిళలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీల వంటి బలహీన వర్గాలకు నాలుగో వంతు చోటు ఉండాలి. మీ ఊళ్లో ఆ పేర్లు ఎవరివో, వాళ్లను సమావేశాలకు పిలుస్తున్నారో లేదో చూడండి.

బావి, చెరువు, కుళాయి దగ్గర అడ్డుకుంటే అది ఊరి తగాదా కాదు. రాజ్యాంగం 15(2) అధికరణ సామూహిక బావులు, చెరువుల వాడకంలో వివక్షను నిషేధించింది. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1) సెక్షన్ అలా అడ్డుకోవడాన్ని స్పష్టంగా నేరంగా పేర్కొంది. దళితులు వాడే నీటిని పాడు చేయడం కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుంది.

నీళ్లు తక్కువైనప్పుడు అందరికీ కోత తప్పదు. ఆ కోత సమానంగా పడిందో లేదో తేలాలంటే ముందు వాడను విడిగా లెక్కపెట్టాలి.