స్వర్ణయుగంలో మంత్రి స్థానం: పెరిక్లిస్, సాళువ తిమ్మరుసు

'స్వర్ణయుగం' అన్న మాటతో ఏథెన్సు విషయంలో పెరిక్లిస్ పేరు, తెలుగు సాహిత్య విషయంలో శ్రీకృష్ణదేవరాయల (1509-1529) పేరు ముడిపడి ఉన్నాయి. అయితే పెరిక్లిస్ రాజు కాడు. పౌరులు ఏటేటా ఎన్నుకొన్న సేనాని. అతనికి దీటైన రాజనీతిజ్ఞుణ్ణి విజయనగరంలో సింహాసనం మీద కాక మంత్రిపదవిలో వెదకడం సముచితం. ఆ దృష్టితో పరిశీలింపదగినవాడు మహామంత్రి సాళువ తిమ్మరుసు.

ఈ పరిశీలనకు కృష్ణాతీరం ప్రధానక్షేత్రం. తిరువూరు ఉన్న నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలోనే కొండపల్లి దుర్గం ఉంది. కళింగ దండయాత్రలో 1515లో కొండవీడు, అనంతరం కొండపల్లి గజపతుల నుండి విజయనగరానికి వశమయ్యాయి. కొండవీటి విజయాన్ని మంగళగిరి శాసనం తిమ్మరుసుకు ఆపాదిస్తున్నది. ఆ దండయాత్రాకాలంలోనే రాయలు శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువును సేవించి కావ్యప్రేరణ పొందినట్లు ఆముక్తమాల్యద అవతారిక తెలుపుతున్నది.

విజయానంతరం ఈ సీమలో పాలనతోపాటు సాహిత్యపోషణ కూడ సాగింది. తిమ్మరుసు మేనల్లుడైన నాదెండ్ల అప్పామాత్యునికి మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రను అంకితమిచ్చాడు. మరొక మేనల్లుడు గోపన ప్రబోధచంద్రోదయానికి వ్యాఖ్య రచించాడు. అగస్త్యుని బాలభారతానికి గల ఒక వ్యాఖ్య తిమ్మరుసు పేరనే ఉంది. కావున ఆనాటి సాహిత్యవైభవం భువనవిజయానికే పరిమితం కాదని, మంత్రుల, దుర్గాధిపతుల ఆశ్రయంలో కూడ అది విస్తరించిందని చెప్పవచ్చు.

ఇద్దరి పతనాలను పోల్చినప్పుడు అసలు భేదం తెలుస్తుంది. యుద్ధం, మహమ్మారి ఏథెన్సును పీడించిన క్రీ.పూ. 430లో పౌరులు పెరిక్లిస్‌ను పదవినుండి తొలగించి జరిమానా విధించారు. అనతికాలంలోనే తిరిగి ఎన్నుకొన్నారు. క్రీ.పూ. 429లో అతడు పదవిలో ఉండగానే మరణించాడు. తిమ్మరుసు యువరాజుకు విషమిప్పించాడన్న అభియోగంతో కన్నులు కోల్పోయి, చెరలో మరణించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. ఈ కథనాన్ని సందేహించిన చరిత్రకారులు ఉన్నారు. అయినా అది ఒక వాస్తవాన్ని సూచిస్తున్నది: ఏథెన్సులో శిక్షించిన సభయే మనసు మార్చుకొని మన్నించగలిగింది, విజయనగరంలో రాజు అనుగ్రహం తప్పిన మంత్రికి మొరపెట్టుకొనే సభ లేదు.

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో రాజనీతిని విపులంగా ఉపదేశించిన ప్రభువు కొలువుకు సైతం ఈ పరిమితి తప్పలేదు. స్వర్ణయుగాన్ని అంచనా కట్టేటప్పుడు అది వెలయించిన కావ్యాలతోపాటు, దానిని నిలబెట్టినవారికి అది కల్పించిన రక్షణను కూడ లెక్కించవలసి ఉంటుంది.