సరకు పేరు, కృతి పేరు

ఖరగ్‌పూరు రైలుదారుల కూడలిలో వెలసిన పట్టణము. ఆంధ్రదేశపు ఉత్తరభాగమునుండి వచ్చిన కార్మికుల కుటుంబములు తరతరములుగా ఇచ్చట తెలుగు మాటాడుచున్నవి. సరకు బండి కెక్కునపుడు అది బయలుదేరిన స్టేషను పేరు రసీదులో వ్రాయబడును. పుట్టినచోటి పేరు సరకును వెన్నంటి పోవుట ఇచ్చటివారికి నిత్యానుభవము. 1931లో రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగిన హిజ్లీ నిర్బంధశిబిరపు భవనమున 1951లో ఆరంభమైన సాంకేతిక విద్యాసంస్థలో, 2006 నుండి మేధాసంపత్తి న్యాయమును బోధించు విద్యాలయము కూడ కలదు. కావున, చట్టము కాపాడుచున్న ఊరిపేరును రచయిత తన కృతికి పెట్టుకొనవచ్చునా యను ప్రశ్నను ఈ పట్టణమునుండి విచారించుట అసంగతము కాదు.

1997లో ఒక అమెరికా కంపెనీకి బాస్మతి వరి విషయమున పేటెంటు లభింపగా మనదేశమున గొప్ప కలవరము పుట్టెను. 1999లో పార్లమెంటు భౌగోళిక సూచికల చట్టమును చేసెను. అది 2003 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చెను. 2004లో డార్జిలింగు తేయాకు ప్రథమముగా నమోదయ్యెను. పోచంపల్లి ఇక్కతు వస్త్రమును తొలి నమోదులలోనిదే. ఈ హక్కు ఒక వర్తకునిది కాదు. ఆ ప్రాంతమున ఆ వస్తువును తయారుచేయు వారందరిది. నమోదు పదేండ్లు చెల్లును; పిదప మరల పొడిగించుకొనవచ్చును. వేరొకచోట నేసిన బట్టను పోచంపల్లి పేరుతో అమ్మినచో నేతగాని కూడు పోవును. చట్టము పుట్టినది ఆ కూటికొరకే.

అయితే ఈ హక్కు ఎంతదూరము సాగును? దీనిని తేల్చిన వ్యాజ్యము కలకత్తాలోనే నడచినది. అచ్చటి యొక పెద్ద హోటలు తన విశ్రాంతిమందిరమునకు డార్జిలింగు పేరు పెట్టగా, తేయాకు బోర్డు 2010లో దావా వేసెను. 2019 ఫిబ్రవరిలో కలకత్తా ఉన్నత న్యాయస్థానము ఆ దావాను కొట్టివేసెను. చట్టము సరకులకే గాని సేవలకు వర్తింపదనియు, బోర్డు హక్కు తేయాకు వరకే యనియు తీర్పు సారాంశము. ఆ తీర్పు గదిని గూర్చినదే గాని గ్రంథమును గూర్చినది కాదు. అయినను అందలి తర్కము మనకు దారి చూపును. ఒక నవలకు డార్జిలింగు తేయాకు అని పేరు పెట్టినచో, దానిని మరిగించి త్రాగవచ్చునని కొనువాడెవ్వడు?

చలనచిత్రముల చరిత్రయు ఈ మాటనే బలపరచుచున్నది. కాంచీపురపు పట్టు నమోదైన కొలదికాలమునకే ప్రియదర్శన్ తమిళమున ‘కాంచీవరం’ తీసెను. కూతురి పెండ్లికి పట్టుచీర కట్టబెట్టవలెనని తపించిన నేతగాని కథ యది. 2007వ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా జాతీయ బహుమానమును పొందెను. 2017 నవంబరులో బంగాళపు రసగుల్లకు రక్షణ లభించెను. మరుసటి యేడు ‘రసగొల్ల’ యను బెంగాలీ చిత్రము, ఆ మిఠాయితో పేరుగాంచిన నవీనచంద్ర దాసు కథతో, విడుదలయ్యెను. ఇట్టి శీర్షికలు పేరును దొంగిలింపవు. ఆ పేరు వెనుకనున్న మనుష్యుని చూపును. రచయితకు మాత్రము తన శీర్షికపై గుత్తాధికార మున్నదా? శీర్షికకు మాత్రమే కృతిస్వామ్యము లేదని 2015లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పియున్నది. ఊరివారి హక్కునకు సరకు హద్దు. రచయిత హక్కునకు కృతి హద్దు.

కాని ఈ హద్దు చెరిగిపోవు చోటు ఖరగ్‌పూరు సబ్ డివిజనులోనే కలదు. పింగళా ప్రాంతమున నయా గ్రామమున చిత్రకారులను పటువాలు నివసించుచున్నారు. వారు చుట్టిన పటమును మెల్లగా విప్పుచు, ఒక్కొక్క బొమ్మను వ్రేలితో చూపుచు, కథను పాడుదురు. వారిలో పెక్కురు మహమ్మదీయులు. పాడునది మనసాదేవి కథయు కావచ్చును. మన చేర్యాల నకాశీ పటములను ఎరిగిన తెలుగువారికి ఇది పరాయి విద్య కాదు. 2018లో బంగాళ పటచిత్రము నమోదయ్యెను. ఇచ్చట సరకే కృతి, కృతియే సరకు. ఆ పటములను గూర్చి వ్రాసిన గ్రంథమునకు ఆ పేరు పెట్టుట వివరణము. యంత్రముపై అచ్చొత్తిన బొమ్మల మూటకు ఆ పేరు పెట్టుట విక్రయము. కొనువాడు దానిని పటువా చేతిపనియని భ్రమపడును. అక్షరములు అవియే, పని మాత్రము వేరు.

ఇంకొక లోపమును గమనింపవలెను. ఈ చట్టము పేరును కాచునుగాని బొమ్మను, పాటను కాయదు. పేరు చెప్పక బొమ్మను మాత్రము అనుకరించువానిని ఇది పట్టుకొనజాలదు. ఆ రక్షణకొరకు పటువా కృతిస్వామ్యపు చట్టము నాశ్రయింపవలెను. తరతరముల ఉమ్మడి కథకు ఆ చట్టమున కర్త దొరకుట కష్టము. కావున రచయిత శీర్షికవలన నయా గ్రామమునకు కలుగు నష్టము స్వల్పము. పేరులేని నకలువలన కలుగు నష్టమే అధికము. రచయితలకు శీర్షికలను నిషేధింపబూనువారు ముందుగా ఈ రెండవదానిని విచారింపవలెను. ఊరిపేరును శీర్షికగా గ్రహించిన రచయితయు, ఆ పని ఏ యూరివారిదో గ్రంథములో స్పష్టముగ చెప్పుట న్యాయము.