ఊడ్చినకొద్దీ నిండే వీధి

జకార్తాలో సాయంత్రం ఏ పేటలో నిలబడ్డా ముందు పని తగిలేది చెవులకే. బాండీ అంచు మీద గరిటె టకటకలాడితే వేపుడు నూడిల్స్ బండి వచ్చినట్టు. గిన్నె మీద చెంచా టింగుమంటే బక్సో, అంటే మాంసం ఉండల పులుసు. సన్నగా, ఆగకుండా ఈల వినిపిస్తే కువె పుతు: బియ్యప్పిండిలో బెల్లం పెట్టి వెదురు గొట్టాల్లో ఉడికించే తీపి. ఆ ఈల వేసేది మనిషి కాదు, బండిలోంచి తన్నుకొచ్చే ఆవిరి. గొంతు చించుకుని అరిచే పనే లేదు. ఏ బండి ఏ సందు మలుపు తిరిగిందో పేటలో పిల్లలు ఇంట్లోంచే చెప్పేస్తారు.

కొత్తగా దిగినవాళ్ళకి ఇదంతా ఎప్పటినుంచో, ఎవరి అడ్డూ లేకుండా సాగుతున్నట్టే కనిపిస్తుంది. నిజానికి నాలుగు వందల ఏళ్ళుగా ఈ ఊరిని ఏలినవాళ్ళలో చాలామంది వీధిలో ఎవరుండాలో, ఎవరు ఉండకూడదో తామే తేల్చాలని చూశారు.

1619లో డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ పీటర్‌జూన్ కూన్ జయకర్త పట్నాన్ని తగలబెట్టి, అక్కడే బటావియా కట్టించాడు. చుట్టూ గోడ, తిన్నటి కాలువలు, హాలండ్ తరహా ఇళ్ళు. జావా ద్వీపంలో కట్టిన ఆ ఊళ్ళో జావావాళ్ళు మాత్రం కాపురం ఉండకూడదు. ఎప్పుడు తిరగబడతారోనని భయం. మరి పనులెవరు చెయ్యాలి? చైనా నుంచి వర్తకులు, చేతిపనివాళ్ళు వచ్చారు. బానిసలను ఓడల్లో తెచ్చారు. వాళ్ళలో మన కోరమాండల్ తీరంవాళ్ళు, కంపెనీ కోట ఉన్న పులికాట్ రేవులో ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు. ఈ తీరం అద్దకం బట్టలు బటావియా చేరాయని గొప్పగా చెప్పుకుంటాం. అదే దారిన పోయిన మనుషుల ఊసు మాత్రం ఎత్తం. బానిసత్వం నుంచి విడుదలై, పోర్చుగీసు మాట్లాడే క్రైస్తవులుగా బతికిన మార్డైకర్ల కోసం గోడ బయట కట్టిన చర్చి 1695లో పూర్తయింది. అది ఇంకా నిలిచే ఉంది.

1740లో గోడ లోపలి చైనావాళ్ళను వేల సంఖ్యలో ఊచకోత కోశారు. మిగిలినవాళ్ళను గోడ బయట గ్లోడోక్‌లో ఉండమన్నారు. గ్లోడోక్ ఈనాటికీ కిటకిటలాడే బజారు. గోడ దాదాపు ఆనవాలు లేకుండా పోయింది.

తరవాత వంతు బెచాక్‌లది. అవి సైకిలు రిక్షాలు. బేరం ముందు కూర్చుంటే తొక్కేవాడు వెనక. 1966 నుంచి 1977 దాకా గవర్నరుగా ఉన్న అలీ సాదికిన్ వాటిని కట్టడి చెయ్యడానికి పూనుకున్నాడు. 1975లో వాటి బదులు దిగినవి మన బజాజ్ ఆటోలే. 1980లలో అధికారులు వేల రిక్షాలను పట్టుకుని తీసుకెళ్ళి జకార్తా అఖాతంలో పారేశారు. అవి ఎన్ని కుటుంబాలకు తిండి పెట్టాయో తలుచుకుంటే, దాన్ని నగర సుందరీకరణ అనడానికి నాకు నోరు రాదు.

కార్ల వంతూ వచ్చింది. 1992 నుంచి రద్దీ వేళల్లో పెద్ద రోడ్ల మీద కారులో కనీసం ముగ్గురుండాలన్నారు. వెంటనే ఆ రోడ్ల మొదట్లో 'జోకీ'లు బారులు తీరారు. ఒక వేలు చూపిస్తే ఒక మనిషి. రెండు వేళ్ళు చూపిస్తే చంకలో బిడ్డతో తల్లి, అంటే ఇద్దరి లెక్క. కాసిని డబ్బులు తీసుకుని కారెక్కుతారు, ఆ రోడ్డు దాటాక దిగిపోతారు. పసిబిడ్డలను అద్దెకు తెస్తున్నారన్న గొడవ ముదిరి 2016లో నిబంధన ఎత్తేశారు. జోకీల పుణ్యమా అని అది ఉత్తుత్తి నిబంధనేనని అందరూ అనుకున్నారు. తీరా హార్వర్డ్, ఎం.ఐ.టి. పరిశోధకులు లెక్కగడితే, అది పోయాక ట్రాఫిక్ ఆలస్యం ఉదయం 46 శాతం, సాయంత్రం 87 శాతం పెరిగింది. ఎంత మోసం జరిగినా అది పనిచేస్తూనే ఉందన్నమాట.

ఆ నిబంధన పోవడానికి కొద్ది నెలల ముందు, 2015 డిసెంబరులో, ఫోన్‌లో పిలిచే మోటారు సైకిలు టాక్సీలు చట్టవిరుద్ధమని రవాణా శాఖ ప్రకటించింది. 2010లో మొదలైన అలాంటి టాక్సీల కంపెనీ గోజెక్ 2015లోనే ఆప్ తెచ్చింది. ఆకుపచ్చ జాకెట్లు, హెల్మెట్లతో రోడ్లు నిండిపోయాయి. అప్పటి దేశాధ్యక్షుడు జోకో విడోడో, అంతకుముందు జకార్తా గవర్నరు, చిన్నతనంలో సోలో నగరంలో నది ఒడ్డున ఉంటే ఇల్లు ఖాళీ చేయించగా రోడ్డున పడ్డ కుటుంబంలోంచి వచ్చినవాడు. ప్రకటన వెలువడిన మర్నాడే నిషేధాన్ని వెనక్కి తీసుకునేలా చేశాడు.