న్యూకాసిలుకు బొగ్గు: ఒక ఆంగ్ల సామెత జన్మము, అర్థము

వ్యర్థప్రయత్నమును దెలుపు ఆంగ్ల సామెతలలో "న్యూకాసిలుకు బొగ్గు మోయుట" యనునది ప్రాచీనమైనది. దీనిని తెలుగు చేయువారికి "బూడిదలో పోసిన పన్నీరు" అను పలుకుబడి వెంటనే స్ఫురింపవచ్చును. ఆ అనువాదము సరికాదని మా అభిప్రాయము. అందులకు కారణము ఆ నగర చరిత్రలో నున్నది.

ఇంగ్లండు దేశమున ఈశాన్యభాగమందు, టైను నదీతీరమున న్యూకాసిలు నగరము కలదు. దాని పరిసరములు రాక్షసిబొగ్గు గనులకు ప్రసిద్ధములు. మధ్యయుగమునుండియు అచ్చటి బొగ్గు ఓడలపై లండనుకు పోవుచుండెను. 1600లో ఎలిజబెత్ రాణి యొసగిన శాసనముచే హోస్ట్‌మెన్ అను వర్తకసంఘమునకు ఆ వ్యాపారముపై గుత్తాధికారము లభించెను. 1643లో, అంతర్యుద్ధకాలమున, పార్లమెంటు వారు న్యూకాసిలు బొగ్గు రాకను నిషేధింపగా లండను ప్రజలు ఇంధనము లేక ఇక్కట్లపాలైరి. ఊరిపేరు వినినంతనే బొగ్గు తలపునకు వచ్చుట ఇట్లు సహజమయ్యెను. 1662లో, రచయిత మరణానంతరము వెలువడిన థామస్ ఫుల్లరు గ్రంథమున ఈ సామెతకు అనవసరమైన పనిలో నిమగ్నుడగుట యను అర్థము చెప్పబడినది.

గ్రీకులయందును ఇట్టిదే కలదు. "ఏథెన్సుకు గుడ్లగూబలు" అను మాట క్రీ.పూ. 414లో ప్రదర్శితమైన అరిస్టోఫనీసు నాటకము "పక్షులు"లో వినబడును. గుడ్లగూబ ఏథెన్సు అధిదేవతకు ప్రియమైన పక్షి. ఆ నగరపు వెండి నాణెములపై ముద్రిత చిహ్నము.

ఈ రెండింటియందును వ్యర్థతకు హేతువు సమృద్ధియే. బూడిదలో పన్నీరు వ్యర్థమగుట పాత్రత లేమిచేత. న్యూకాసిలులో బొగ్గు వ్యర్థమగుట అది అచ్చట పుష్కలముగా నుండుటచేత. కావున "తాతకు దగ్గులు నేర్పినట్లు" అను మన సామెతయే దీనికి దగ్గరి చుట్టము. అయినను భేదము లేకపోలేదు. తాతసామెతలో నేర్పువాని అహంకారముపై పరిహాసమున్నది; ఆంగ్ల సామెతలో ఒక వర్తకచరిత్రయే ఇమిడియున్నది.

ఆ చరిత్ర నేడు తలక్రిందులైనది. ఈశాన్య ఇంగ్లండున తుదివరకు నిలిచిన లోతుగని ఎల్లింగ్టన్ 2005లో మూతపడినది. ఈ శతాబ్దమున టైను రేవునకు విదేశపు బొగ్గు దిగుమతి కూడ జరిగినది. వ్యర్థమనిపించుకొన్న పనియే అవసరమైనది. సామెత మాత్రము మారలేదు. సామెత తాను పుట్టిన కాలమునకు సాక్షి. నిఘంటుకర్త అర్థమొక్కటియే వ్రాసి ఊరకుండరాదు. ఆ అర్థమునకు ఆధారమైన పరిస్థితిని గూడ నమోదు చేయవలెను. లేనిచో అనువాదమున మాట మిగిలి మర్మము జారిపోవును.