పిండివంటల పేర్లు (చిలకలగూడ)

చిలకలగూడ సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు చేరువలో, రైల్వే క్వార్టర్లున్న పాత పేట. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. విజయవాడ డివిజను అందులో చేరింది. రైల్వే ఉద్యోగాలకు వచ్చినవారితో పాటు వారి జిల్లాల పిండివంటలూ నగరానికి వచ్చాయి.

గొట్టంలో ఒత్తి వేయించేవి కోస్తాలో జంతికలు, తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువగా మురుకులు. బియ్యప్పిండి, శనగపప్పు, కరివేపాకు కలిపి పలుచగా తట్టి వేయించే బిళ్లలు కోస్తాలో చెక్కలు, సీమలో నిప్పట్లు. తెలంగాణలో కొందరికి అప్పాలు, కొందరికి గారెలు. కొత్తవారు తికమకపడేది ఇక్కడే. కోస్తాలో గారె అంటే మినపపిండితో చేసే మెత్తని చిల్లుగారె, అప్పాలేమో బెల్లంతో చేసే తీపి వంట.

సకినాలు మాత్రం తెలంగాణ సొంతం, సంక్రాంతి వంట. నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే పిండి పట్టిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్లతో కలిపి, శుభ్రమైన బట్ట మీద వేళ్లతోనే మెలితిప్పుతూ చుట్టు పక్కన చుట్టు పోస్తారు. కాస్త ఆరాక అట్లకాడతో విరగకుండా లేపి నూనెలో వేస్తారు. గొట్టం అక్కర్లేదు, చేతివాటం కావాలి. ఒక్కరే చేస్తే పొద్దు చాలదు కనుక ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి కూర్చుంటారు. వీటిని జంతికల్లో ఒక రకమనడం పొరపాటు: పిండీ వేరు, పనితనమూ వేరు.

మిరపకాయ బజ్జీకీ ఇలాంటి తేడా ఉంది. తెలంగాణలో చాలామంది దాన్ని మిర్చి అనే అడుగుతారు.