కంసాలి చేతిలో కరెంటు దీపం

ఏడడుగుల ఎత్తు. నేల మీద మూడు సన్నటి కాళ్లు, పైన మూడు చేతులు. మూడూ మూడు పొడవులు, మూడు వంపులు. ఒకటి కిందికి వాలి కుర్చీలో కూర్చున్నవారి పుస్తకంలోకి తొంగిచూస్తుంది. ఒకటి గోడవైపు తిరిగి ఉంటుంది. ఇంకొకటి పైకప్పు కేసి తలెత్తుతుంది. చెరువుగట్టు మీద కొంగను చూసినప్పుడు అంత పెద్ద ఒళ్లు అంత సన్నటి కాళ్ల మీద ఎలా ఆగిందా అనుకుంటాం. ఈ నల్లటి దీపాన్ని చూసినా అదే ఆశ్చర్యం. పారిస్‌లో 1953లో దీన్ని తయారుచేసినవాడు సెర్జ్ మూయ్. ఆయన నేర్చుకున్న విద్య వెండిపని. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఆయన దీపాలన్నీ అర్థమవుతాయి.

మూయ్ 1922లో పారిస్‌లో పుట్టాడు. పదమూడేళ్లకే అక్కడి అప్లైడ్ ఆర్ట్స్ స్కూల్లో చేరి, శిల్పి, వెండి పనివాడు అయిన జిల్బేర్ లక్రువా దగ్గర పని నేర్చుకున్నాడు. 1941లో పట్టా చేతికొచ్చేసరికి పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. యుద్ధం ముగిసిన 1945లో సొంత వర్క్‌షాప్ పెట్టుకున్నాడు, తాను చదివిన స్కూల్లోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి దీపాల ఊసే లేదు.

ఆ ఊసు తెచ్చినవాడు జాక్ అద్నే. ఇళ్ల లోపలి అలంకరణలో ఆ రోజుల్లో పారిస్‌లో పెద్ద పేరు. దక్షిణ అమెరికా ఖాతాదారుల కోసం ఆయనకు భారీ దీపాలు కావలసివచ్చాయి. ఆ పని మూయ్‌కి అప్పగించాడు. వెండి కొట్టే మనిషిని పిలిచి కరెంటు దీపం చేసిపెట్టమనడం ఎంత చక్కటి ఆలోచనో చూడండి! లోహం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో ఆ చేతులకు తెలిసినట్టు మరెవరికి తెలుస్తుంది?

ఆ దీపం తలను దగ్గరగా చూద్దాం. అల్యూమినియం రేకును చేత్తో మలిచి చేసిన డోము అది. మూకుడులా గుండ్రంగా ఉండదు. ఒకవైపు కాస్త సాగి, అంచు దగ్గర అలలా లేచి ఉంటుంది. వెనకవైపు మధ్యలో చిన్న మొన పొడుచుకొచ్చి కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్లు దానికి ‘తెతీన్’ అని పేరుపెట్టారు. పసిపిల్లల పాలపీక అని అర్థం. మొదటిసారి చూసినప్పుడు అది సొగసు కోసం పెట్టిన మొన అనుకున్నాను. అసలు కిటుకు అందులోనే ఉంది. బల్బు హోల్డర్ కూర్చునేది ఆ మొనలో. హోల్డర్ వెనక్కి జరగడంతో బల్బు డోము లోపలికి ఒదిగిపోతుంది, కంట్లో పొడవదు. లోపలంతా తెల్ల రంగు. బల్బు కాంతి ఆ తెలుపుకు తగిలి మెత్తబడి బయటికొస్తుంది. బయటివైపు మాత్రం నలుపే.

తలనూ చేతినీ కలిపేది ఇత్తడి కీలు. మన భుజం కీలులాగా ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, వదిలిన చోట ఆగుతుంది. నలుపంతటి మధ్య ఆ పసుపు చుక్క ఒక్కటే నగలా మెరుస్తుంది. ఎక్కడ మెరుపు పెట్టాలో, ఎక్కడ వద్దో తెలిసిన వెండిపనివాడి నిగ్రహం అది. నాకు ఈ దీపంలో అన్నిటికన్నా నచ్చేది ఆ కీలే.

ఆ కాలంలో ఇటలీ దీపాలు యూరప్ బజారును ముంచెత్తుతున్నాయి. మూయ్‌కి అవి మరీ హంగుగా, చిక్కుగా అనిపించేవి. వాటికి జవాబుగానే తన దీపాలు చేశాడు. మిలాన్‌లో జీనో సార్ఫాత్తి చేసిన దీపాలు తెలిసినవాళ్లు ఆ మాట పూర్తిగా ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. అయినా ఆ పంతం నుంచి మంచి పని పుట్టింది. గోడకు బిగించే దీపం, సాలీడు కాళ్లలా చేతులు చాచి పైకప్పుకు వేలాడే ‘అరెన్యే’, బల్ల మీద పెట్టుకునే ‘కొకోత్’, అన్నీ ఏడెనిమిదేళ్ల లోపే వచ్చాయి.

1956 నుంచి స్టెఫ్ సిమోన్ గ్యాలరీలో జాన్ ప్రూవే, షార్లొత్ పెరియాన్‌ల బల్లలు, కుర్చీల పక్కన ఈ దీపాలు అమ్మకానికి నిలిచాయి. 1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో గౌరవ పత్రం దక్కింది. ఇవాళ వేలం హాళ్లలో సంపన్నులు పోటీపడి కొనే ఈ దీపాలను ఒకప్పుడు పారిస్ శివారు ఆంటొనీలో విద్యార్థుల కోసం, మార్సెయ్‌లో బడుల కోసం, ట్యునీసియాలో బిజెర్త్ చర్చి కోసం కూడా చేశాడని గుర్తుచేసుకోవాలి. పరీక్షలకు చదువుకునే పిల్లల నెత్తిన వెలిగిన దీపాలివి.

మధ్యలో క్షయ ఆయన్ను మంచాన పడేసింది. కోలుకున్నాక 1961లో కొత్త డిజైనర్లకు దారి చూపడానికి ఒక సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది పూర్తిగా కొత్త దారి తొక్కి ‘కొలోన్’ దీపాలు చూపించాడు. అంటే స్తంభాలు. మన హాళ్లలో దశాబ్దాలపాటు గోడకు అడ్డంగా వెలిగిన ట్యూబ్‌లైటును ఆయన లోహపు స్తంభంలో నిలువుగా నిలబెట్టాడు. వంపులన్నీ పోయి నిటారు గీతలు మిగిలాయి. ధైర్యం మెచ్చుకోదగ్గదే, కానీ నా మనసు మాత్రం ఆ పాత నల్లటి చేతుల దగ్గరే ఆగిపోయింది. 1964లో దీపాల తయారీ ఆపేశాడు. పిల్లలకు పాఠాలు చెప్పడం మాత్రం ఆపలేదు. 1988లో కన్నుమూశాడు. 1999లో ఆయన భార్య జిన్ అనుమతితో ఫ్రాన్స్‌లో ఒక చిన్న వర్క్‌షాప్ పాత పద్ధతిలోనే, చేతిపనితోనే ఆ దీపాలను మళ్లీ చేయడం మొదలుపెట్టింది. ఒక్కో దీపానికి ఒక్కో నంబరు ఉంటుంది.

ఈ కథలో నేను మాటిమాటికీ తలుచుకునేది అద్నే ఇచ్చిన ఆ పురమాయింపునే. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకును కాల్చి, చల్లార్చి, సుత్తితో బొమ్మ లేపే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి పాత్రలు చేసే కుటుంబాలున్నాయి. సన్మాన సభలకు జ్ఞాపికలు కావలసినప్పుడు వాళ్లు మనకు గుర్తొస్తారు. ఈసారి వెళ్లినప్పుడు మీ చదువుకునే బల్ల కొలతలు పట్టుకెళ్లి, ఒక దీపం చేసిపెట్టమని అడగండి.